ఇంజను మ్రోత: ఒక కారణాన్వేషణ చరిత్ర

మోటారు షెడ్డునకు వచ్చు దోషములలో కంటికి గనబడునవి కొన్ని, ముక్కునకు దెలియునవి కొన్ని, చెవికి మాత్రమే వినవచ్చునవి కొన్ని. రేడియేటరు కారినచో నేలమీది తడి సాక్ష్యము చెప్పును. క్లచ్చుప్లేటు మాడినచో కమురుకంపు చెప్పును. కాని ఇంజను లోపల బుట్టిన శబ్దము ఇనుపగోడల చాటుననుండి వినవచ్చుచు, వినువానిని మిక్కిలి సులభముగా మోసగింపగలదు. ఇనుము శబ్దమును ఒకచోట బుట్టించి వేరొకచోట వినిపించును. వెనుక సిలిండరులోని లోపము ముందరి టైమింగు చెయిను కవరువద్ద మ్రోగుటయు, దానిని నమ్మి కవరు విప్పినవానికి అందేమియు గానరాకపోవుటయు ఈ వృత్తిలో నిత్యానుభవములు. కావున శబ్దము ఎక్కడినుండి వచ్చుచున్నదను ప్రశ్నకంటె, ఎప్పుడు వచ్చుచున్నదను ప్రశ్నయే ఈ విద్యకు మూలాధారమని నా దృఢాభిప్రాయము. పని తెలిసిన మెకానిక్కు బానెట్టు ఎత్తుటకు ముందే బండి తెచ్చినవారిని అడుగునది యిదియే: "ప్రొద్దున్నే స్టార్టు చేసినప్పుడు కొడుతోందాండీ, వేడెక్కాక కొడుతోందా? ఎత్తు ఎక్కేటప్పుడా, కాలు తీసినప్పుడా?" ఈ నాలుగు మాటలకు సరియైన సమాధానములు దొరికినచో సగము పని విప్పకయే ముగిసినట్లు.

విజయవాడ ఆటోనగరు 1960ల దశకమున వెలసినది. మద్రాసునుండి కలకత్తాకు బోవు రహదారియు, హైదరాబాదునుండి బందరుకు బోవు రహదారియు కలియు ఆ కూడలిలో, లారీలకు బాడీలు కట్టు వడ్రంగులు, కమ్మరులు, లేతు పనివారు, సిలిండరు బోరింగు చేయువారు, టింకరింగు పనివారు ప్రక్కప్రక్కన స్థిరపడి, కాలక్రమమున దానిని దేశమందెల్ల పేరెన్నికగన్న పనివాడగా జేసిరి. ఈ విద్యను గ్రంథములు చదివి నేర్చినవారు అక్కడ అరుదు. పిల్లవాడుగా షెడ్డులో చేరి, కిరసనాయిలులో విడిభాగములు కడిగి, స్పానర్లు అందించి, గురువు చెవి పోయినచోటికి తన చెవిని నడిపించి నేర్చినవారే అధికులు. అంబాసిడరు, ఫియట్టు కార్ల కాలమున వారి ముఖ్యసాధనము పొడవాటి స్క్రూడ్రైవరు. దాని మొనను బ్లాకుపై నానించి, పిడిని చెవి ముందరి ఎముకకు ఆనించి, సిలిండరు వెంబడి సిలిండరును వినుచు పోయెడివారు.

అంతకంటె సునిశితమైన పరీక్ష యొకటి కలదు. ఇంజను ఐడిలింగులో నడచుచుండగా ప్లగ్గు వైర్లను ఒకదాని వెనుక నొకటిగా ఊడదీసి, ఒక్కొక్క సిలిండరులో దహనము లేకుండ చేయుదురు. వైరు ఊడిన వెంటనే ఇంజను తడబడవలెను. తడబడనిచో ఆ సిలిండరు అంతకుముందే పనిచేయుట లేదన్నమాట, మిస్సింగు అచ్చటనే యున్నది. వైరు ఊడినంతనే బరువైన దెబ్బ అణగినచో, దహనపీడనము పైబడినప్పుడు మాత్రమే కొట్టుకొను కనెక్టింగు రాడ్డు బేరింగు సడలినదని నిర్ణయింతురు. చల్లగా నున్నంతసేపు డబడబలాడి వేడెక్కిన పిమ్మట మానునది బోరులో వదులైన పిస్టను శబ్దము. అల్యూమినియపు పిస్టను ఇనుపబోరుకంటె ఎక్కువగా వ్యాకోచించి ఆ సందును తానే పూడ్చుకొనుట దీనికి హేతువు. ట్యాపెట్ల టకటక ఇంజను వేగములో సగము వేగముతో వచ్చును, ఏలయన క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి క్యాంషాఫ్టు తిరుగునది ఒక్క చుట్టే. ఇట్లు ప్రతి శబ్దమునకు ఒక వేళ యున్నది, ఆ వేళనుబట్టియే దాని జన్మస్థానము తేలును.

అయితే ఈ శబ్దములన్నింటిలో ఒకటి వేరు జాతికి జెందినది. శ్రీశైలము కనుమ ఎక్కుచు డ్రైవరు యాక్సిలరేటరును గట్టిగా త్రొక్కినప్పుడు, గుప్పెడు గోలీలను ఇనుపడబ్బాలో వేసి గిలకరించిన తీరున ఖణఖణమను మ్రోత బయలుదేరి, కాలు సడలించినంతనే మాయమగును. దీనినే మనవారు నాకింగనియు, "ఇంజను కొడుతోంది" అనియు అందురు. వినుటకు ఇనుము ఇనుమును తాకినట్లే యుండును. కాని రాడ్డు విప్పినను బేరింగులు మార్చినను ఇది పోదు, ఏలయన ఇందు లోహమును లోహము తాకుటయే లేదు. తాకుచున్నది వాయువు. ఈ యొక్క సత్యమును తెలిసికొనుటకు లోకమందలి మేధావులైన యంత్రశాస్త్రజ్ఞులకు దాదాపు నలుబది సంవత్సరములు పట్టినది; ఇంజను దోషనిర్ణయ చరిత్రలో ఇంతటి దీర్ఘమైన, ఇంతటి ఫలవంతమైన, తుదకు ఇంతటి విషాదకరమైన అధ్యాయము మరొకటి లేదు.

నికొలౌస్ ఆటో అను జర్మను 1876లో నాలుగు ఘాతముల ఇంజనును నిర్మించిననాటినుండియు ఒక సంగతి స్పష్టమయ్యెను: ఇంధనవాయు మిశ్రమమును మంటపెట్టుటకు ముందు ఎంత గట్టిగా అదిమిన అంత ఎక్కువ పని దానినుండి రాబట్టవచ్చును. సిద్ధాంతరీత్యా, నాలుగవ వంతు ఘనపరిమాణమునకు అదిమినచో నూటికి 43 పాళ్ల ఉష్ణము పనిగా మారవలసియుండగా, ఎనిమిదవ వంతునకు అదిమినచో 56 పాళ్లు మారవలెను. ఆచరణలో ఈ సంఖ్యలకు ఎన్నడును చేరలేము గాని, వానినడిమి తేడా మాత్రము యథార్థము. ఒకే గ్యాలను పెట్రోలుతో మరికొన్ని మైళ్లు పోవచ్చునన్న ఆశ యంతయు అందే యున్నది. ఐనను తొలినాటి కార్ల ఇంజన్లు నాలుగింటికి ఒకటి చొప్పుననే అదుముచు సరిపెట్టుకొనెను, ఏలయన అంతకు మించి అదిమినచో ఈ మ్రోత బయలుదేరి పిస్టన్లను పగులగొట్టుచుండెను. నాకింగు కేవలము చెవికి బాధగాక, ఇంజను పురోగతి కంతటికి అడ్డముగా నిలిచిన గోడయైనది.

కారణ మేమన్న ప్రశ్నకు ఆనాడు అందరును చెప్పిన సమాధానము అకాలజ్వలనము. సిలిండరులో ఎక్కడనో బొగ్గుతునక ఎర్రగా కాలియుండి, ప్లగ్గు నిప్పురవ్వకంటె ముందే మిశ్రమమును అంటించుచున్నదనియు, పైకి వచ్చుచున్న పిస్టనుకు ఆ మంట ఎదురుదెబ్బ కొట్టుచున్నదనియు వారి వాదము. వినుటకు సమంజసముగనే యున్నది, కావుననే అది చిరకాలము బ్రదికినది. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున 1903లో ఆచార్యపదవి నధిష్ఠించిన బెర్ట్రాం హాప్కిన్సను, ఆయన శిష్యుడు హారీ రికార్డో ఈ వాదమును మొట్టమొదట సంశయించినవారిలో ముఖ్యులు. వారు పీడనమును కొలుచు సాధనములతో పరిశీలించి, అకాలజ్వలనమును ఈ మ్రోతయు రెండు భిన్నవ్యాధులని గ్రహించిరి. హాప్కిన్సను 1918లో విమానప్రమాదమున మరణించెను. రికార్డో గురువు వదలిన చోటునుండి ముందునకు సాగెను.

అదే ప్రశ్న అమెరికాలో ఒక అభియోగ రూపమున తలయెత్తినది. ఓహైయో రాష్ట్రమందలి డేటను నగరమున చార్లెస్ కెటరింగ్ అను యంత్రశిల్పి, చేతితో హ్యాండిలు త్రిప్పు బాధ దప్పించి, విద్యుత్తుతో ఇంజనును స్టార్టుచేయు సాధనమును కనిపెట్టగా, దానిని 1912వ సంవత్సరపు క్యాడిలాక్ కార్లలో అమర్చిరి. దానితోపాటు మ్యాగ్నెటోకు బదులు బ్యాటరీతో నిప్పురవ్వను పుట్టించు ఏర్పాటును ఆయన చేసెను. ఆ కార్లు కొట్టుకొనుచుండుట చూచి, నేరమంతయు కెటరింగుగారి కొత్త ఇగ్నిషనుదేయని ప్రతిస్పర్ధులు చాటిరి. తన వస్తువుపై బడిన నిందను బాపుకొనుటకు అసలు దోషిని పట్టియిచ్చుటకంటె వేరు మార్గము లేదు. దీనికితోడు 1916లో ఆయన సంస్థ పల్లెటూళ్ల గృహములకు దీపముల నిమిత్తమై అమ్మిన చిన్న విద్యుదుత్పాదక యంత్రము కిరసనాయిలుతో నడుచునది. కిరసనాయిలు పెట్రోలుకంటె ఘోరముగా కొట్టుకొనును. ఆ సంవత్సరమే తన వద్ద చేరిన థామస్ మిడ్గ్‌లీ అను ఇరువదియేడేండ్ల యువకునికి కెటరింగ్ ఈ పని నప్పగించెను.

మిడ్గ్‌లీ చేసిన మొదటి పనియే నా దృష్టిలో అతని జీవితమందలి అత్యుత్తమ కార్యము. సిలిండరులోని పీడనమునకు ప్రతిక్షణము స్పందించు చిన్న అద్దమునుండి వెలుగురేఖను ప్రతిఫలింపజేసి, ఇంజనుతోపాటు తిరుగు ఫిల్ముపై ఆ రేఖ గీసిన గీతను అతడు ముద్రింపజేసెను. శబ్దమునకు వేళ నిర్ణయించు ప్రయత్నమే యిది. చెవికి అందనంత సూక్ష్మమైన వేళ నందుకొనుటకై కంటిని సాయము తెచ్చుకొన్నాడు. ఫిల్మును కడిగి చూడగా, నిప్పురవ్వ పుట్టుటకు ముందు పీడనము పెరిగిన జాడ ఎంతమాత్రమును లేదు. నిప్పురవ్వ తన వేళకే పుట్టినది, మంట సక్రమముగనే వ్యాపించినది, పీడనము నున్నగా ఎక్కినది. దహనము ముగియవచ్చు తరుణమున మాత్రము ఆ గీత నిట్టనిలువుగా లేచి, రంపపుపండ్లవలె కంపించినది. ప్లగ్గునకు ముందు జరుగుచున్నదని లోకమంతయు నమ్మినది, వాస్తవమునకు ప్లగ్గునకు తరువాత జరుగుచున్నది. కెటరింగుగారి ఇగ్నిషను నిర్దోషియని తేలిపోయినది.

దాని తరువాతి కథ మరింత విచిత్రమైనది. కిరసనాయిలు కొంతసేపు ఆవిరిగాక బిందువులుగ నుండి, తరువాత ఒక్కుమ్మడిగా ఆవిరియై పేలుచున్నదేమోయని ఆ గురుశిష్యులు ఊహించిరి. మంచులోనే పూయునదై, ఎర్రని ఆకులుగల ఆర్బ్యూటస్ అను ఒక అమెరికా అడవితీగ వారికి జ్ఞప్తికి వచ్చినది. ఎరుపు వేడిని త్వరగా పీల్చుకొనును గావున ఆ తీగ ముందుగా పూయుచున్నదేమో, కిరసనాయిలునకు ఎర్రరంగు కలిపినచో అదియు త్వరగా వేడెక్కి ఆవిరియగునేమో! రంగుకై వెదుకగా నూనెలో కరగు ఎర్రరంగు చేతికి దొరకలేదు. నూనెకు ముదురురంగు నిచ్చు అయొడిను మాత్రము దొరికినది. దానిని కలిపి నడుపగా మ్రోత ఆగిపోయినది. మరొకడైనచో ఊహ నిజమైనదని ఉప్పొంగి అంతటితో ఆగియుండును. మిడ్గ్‌లీ ఆగలేదు. ఎర్రరంగులను తెప్పించి ఒక్కొక్కదానినే కలిపి చూచెను, ఒక్కటియు పనిచేయలేదు. పిమ్మట రంగులేని అయొడిను సమ్మేళనమును కలిపి చూడగా మ్రోత మరల ఆగినది. కావున రంగునకు దీనితో సంబంధము లేదు, గుణము అయొడినుదే. దోషము యంత్రములోగాక ఇంధనముయొక్క రసాయన స్వభావములో నున్నది. తప్పుటూహనుండి బయలుదేరి నిజమునకు చేరిన ఈ ప్రయోగము 1916 డిసెంబరునాటిది. ఊహను నిలబెట్టుకొనుటకుగాక పడగొట్టుటకు చేసిన రెండవ పరీక్షయే దీనిని శాస్త్రముగా మార్చినది. షెడ్డులో ఒక భాగము మార్చగనే శబ్దము పోయినదని సంతసించి, పాత భాగమును మరల బిగించి శబ్దము తిరిగివచ్చునా యని చూడని మెకానిక్కునకును, అట్లు చూచు మెకానిక్కునకును నడుమనున్న తారతమ్యమే యిది.

ఇంగ్లండులో రికార్డో వేరొక దారిని అదే తీరమునకు చేరుచుండెను. ఆ కాలమున పెట్రోలు మంచిచెడ్డలను దాని సాంద్రతనుబట్టి నిర్ణయించు ఆచారముండెను. తేలికయైనది మేలైనదనియు బరువైనది నాసియనియు నమ్మిక. షెల్ సంస్థవారికి బోర్నియో ద్వీపమునుండి వచ్చు పెట్రోలు బరువైనది గావున అమ్ముడుపోక, టన్నులకొలది తగులబెట్టబడుచుండెను. రికార్డో దానిని పరీక్షింపగా, బెంజీను జాతి పదార్థములు సమృద్ధిగా నుండుటవలన అది నాకింగును అన్నింటికంటె గట్టిగా ఎదిరించుచున్నట్లు తేలినది. తప్పు కొలబద్దతో కొలిచి ఉత్తమమైన ఇంధనమునే బూడిద చేయుచుండిరన్నమాట. తరువాత, నడుచుచుండగనే సంపీడన నిష్పత్తిని మార్చుటకు వీలైన ఒక పరిశోధక ఇంజనును ఆయన నిర్మించి, ఒక్కొక్క ఇంధనము ఏ నిష్పత్తివద్ద మ్రోగనారంభించునో వరుసగా పట్టికలు కట్టెను. మిడ్గ్‌లీవలె మందు వెదుకుట ఆయన లక్ష్యము గాదు. ఏ ఇంధనమునకు ఎట్టి దహనగది తగునో తెలిసికొని, మంట నడువవలసిన దూరమును తగ్గించి, మిశ్రమమును సుడిత్రిప్పి, ఇంజను ఆకృతినే సవరించుట ఆయన మార్గము. ఆ మార్గము నాకు అధికముగ నచ్చినది.

లోపల నిజముగ నేమి జరుగుచున్నదో కన్నులార చూచుట 1930ల దశకమున గాని సాధ్యము కాలేదు. జెనరల్ మోటార్స్ ప్రయోగశాలలో విత్‌రో, బాయిడ్ అనువారు 1931లోను, విత్‌రో, రాస్‌వైలరు అనువారు 1936లోను గాజుకిటికీ యమర్చిన ఇంజనులోని మంటను ఫోటోలు తీసిరి; ఈ రెండవవారి కెమెరా సెకనుకు 5,000 చిత్రములు తీయగలది. ఆ చిత్రములు బయటపెట్టిన వృత్తాంత మిది: దీపావళినాటి సీమటపాకాయల సరము ఒకచివర అంటించినచో ఒక్కొక్కటే పేలుచు పోవునట్లు, ప్లగ్గువద్ద పుట్టిన మంట సిలిండరు ఆవలి గోడవైపునకు క్రమముగ నడచును. మంట నడచుచుండగా దాని వెనుక వ్యాకోచించు వాయువులు, ఇంకను కాలని మిశ్రమమును ఆవలిమూలకు నెట్టి అదిమి వేడెక్కించును. ఆ మిగులు మిశ్రమము తనవంతు వచ్చువరకు ఓర్చినచో ఇంజను మౌనముగ నడచును. ఓర్వక, మంట చేరకముందే తనంతట తాను ఒక్కసారిగా అంటుకొన్నచో పీడనతరంగము పుట్టి, సిలిండరు గోడలనడుమ సెకనుకు ఆరేడువేల మారులు అటునిటు కొట్టుకొనును. మన చెవికి వినవచ్చు ఖణఖణ ఆ తరంగముయొక్క ధ్వనియే. గోడలను కాపాడు పలుచని చల్లని వాయుపొరను ఆ తరంగము చెరిపివేయుటచేత వేడి నేరుగ లోహమునకు తగులును. హెడ్డు గ్యాస్కెట్టు కాలుట, పిస్టను అంచు తొర్రలుపోవుట, రింగులు కూర్చున్న గట్టులు విరుగుట దీని పర్యవసానములు.

ఈ జ్ఞానము షెడ్డులోని బల్లమీద ఎంత ప్రయోజనకరమో రెండు చెడిన పిస్టన్లను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన తెలియును. ఒకదాని అంచు, ప్లగ్గునకు దూరముగానున్న వైపున, చీమలు తొలిచిన బెల్లమువలె సన్నని గుంటలతో గరుకెక్కి యుండును. నడిమి భాగము చెక్కుచెదరదు. రెండవదాని నడినెత్తిన లోహము కరిగి రంధ్రము పడియుండును. అంచులు నునుపుగనే యుండును. మొదటిది నాకింగువలన పోయినది, రెండవది అకాలజ్వలనమువలన పోయినది. మొదటిదానికి టైమింగును, పెట్రోలును, ఇంజను వేడిమిని పరీక్షింపవలెను. రెండవదానికి తప్పు రకపు ప్లగ్గునో, కాలి ఎర్రబడిన బొగ్గు పొరనో వెదుకవలెను. ఈ భేద మెరుగక రెండింటికిని కొత్త పిస్టను వేసి పంపినచో, బండి మరల అదే షెడ్డునకు వచ్చును.

కారణము తెలిసిన పిమ్మట మందుకై వెదుకులాట సాగినది. అయొడిను వెలగలది, లోహమును తినునది. 1919లో అనిలీను దొరికినది. దాని దుర్గంధము భరింపరానిది. టెల్లూరియము దానికంటె బాగుగ పనిచేసెను గాని, దానిని ముట్టినవారి దేహమునుండి వెల్లుల్లి కంపు దినములతరబడి పోలేదు. తుదకు 1921 డిసెంబరు 9వ తేదీన టెట్రా ఇథైల్ లెడ్డు, అనగా సీసపు సమ్మేళనము, ఇంజనులో బడినంతనే మ్రోత సమసిపోయినది. 1923 ఫిబ్రవరిలో డేటను నగరపు పెట్రోలుబంకులో దాని విక్రయము మొదలైనది. సారాయిజాతి ఇంధనము నాకింగును ఆపునని మిడ్గ్‌లీ ఎరుగును. ఆల్కహాలు కలిపిన పెట్రోలును అతడు స్వయముగ మెచ్చుకొని యుండెను. కాని గ్యాలనుకు 3 ఘన సెంటీమీటర్లు మించక చాలిన సీసపుమందునకు పేటెంటు గలదు, లాభము గలదు. ఎవరైనను కాచుకొనగల ఆల్కహాలునకు అట్టి లాభము లేదు.

సీసము విషమని ఆనాడు ఎవరికి తెలియదు? 1924 అక్టోబరులో న్యూజెర్సీ రాష్ట్రమందలి బేవే శుద్ధికర్మాగారమున ఈ మందు తయారుచేయు కార్మికులు మతిభ్రమించి, ఐదుగురు మరణించిరి. మిడ్గ్‌లీ పత్రికలవారి యెదుట ఆ ద్రవముతో చేతులు కడిగికొని, దాని ఆవిరిని పీల్చి చూపెను. అంతకు పూర్వమే సీసపు విషము దనకెక్కి తాను విశ్రాంతి తీసికొనవలసివచ్చిన సంగతిని ఆనాడు ముందుకు తేలేదు. 1925 మే నెలలో వాషింగ్టనులో జరిగిన సభయందు ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు, యాండెల్ హెండర్సన్ అను శరీరశాస్త్రాచార్యుడు గట్టిగా వ్యతిరేకించిరి. ఐనను మరుసటి యేడు విక్రయమునకు మరల అనుమతి లభించినది. కారణమును వెదకుటలో చూపిన ఓర్పును, ఊహను పడగొట్టి పరీక్షించు నిష్ఠను, మందు విషయమునను ఆ మేధావి చూపియుండినచో లోకమందలి పిల్లల రక్తములో సీసము చేరియుండెడిది గాదని తలచినప్పుడు మనస్సు కలత జెందును. మిడ్గ్‌లీ 1940లో పోలియోచేత అవిటివాడై, తనను తాను మంచమునుండి లేపుకొనుటకై కల్పించుకొన్న తాళ్ల యంత్రములోనే చిక్కుకొని 1944 నవంబరులో మరణించెను.

ఆక్టేను సంఖ్య కూడ ఈ కాలమందే పుట్టినది. 1920ల ఉత్తరార్ధమున గ్రాహం ఎడ్గర్ అను రసాయనవేత్త, నాకింగును చక్కగ నెదిరించు ఐసో-ఆక్టేనుకు నూరు మార్కులును, ఎంతమాత్రము ఎదిరింపలేని హెప్టేనుకు సున్నయు నిచ్చి, మిగిలిన ఇంధనములను ఈ రెండింటి మిశ్రమముతో పోల్చి కొలుచు పద్ధతిని ఏర్పరచెను. నేటికిని బంకువద్ద చెప్పు ఆక్టేను సంఖ్య ఆ పోలికయే.

మన దేశమున ఈ చరిత్ర ఆలస్యముగ ముగిసినది. సీసము లేని పెట్రోలు 1995 ఏప్రిలు 1వ తేదీన నాలుగు మహానగరములలో మాత్రము అమ్మకమునకు వచ్చినది. 2000 ఫిబ్రవరి 1వ తేదీనుండి సీసపు పెట్రోలు దేశమంతట నిషిద్ధమైనది. అందరును హర్షింపదగిన ఈ మార్పు షెడ్లలో ఒక కొత్త దోషమును తెచ్చిపెట్టినది. సీసము కాలగా మిగిలిన పొర ఎగ్జాస్టు వాల్వు కూర్చున్న సీటునకు మెత్తని పూతవలె నుండి అరుగుదలను ఆపుచుండెడిది. అది పోయిన పిమ్మట, ఇనుపహెడ్డులోనే సీటు తొలిచియున్న పాత ఇంజన్లలో వాల్వు సీటులోనికి దిగిపోవుచు, ట్యాపెట్టు సందు తగ్గి, తుదకు వాల్వు సరిగా మూతపడక కాలిపోవును. ట్యాపెట్లు సాధారణముగ అరిగి వదులై చప్పుడు చేయును. ఇచ్చట మాత్రము బిగుసుకొని చప్పుడు తగ్గుచుండుటయే దోషసూచనము. శబ్దము లేకపోవుటను రోగలక్షణముగ చదువవలసిన అపూర్వ సందర్భమిది.

ఇంతకంటె నీచమైన కారణ మొకటి మన రోడ్లపై చిరకాలము నాకింగును పోషించినది. చౌకడిపోల కిరసనాయిలును పెట్రోలులో కలిపి అమ్ము దుర్మార్గము, ఆ కిరసనాయిలునకు ప్రభుత్వము నీలిరంగు కలిపినను ఆగలేదు. డేటనులో మిడ్గ్‌లీ ముందున్న పదార్థమే దొంగదారిన మన ట్యాంకులలోనికి వచ్చినదన్నమాట. నిన్నటిదాక మౌనముగ నడచిన ఇంజను, ఒక బంకులో పెట్రోలు పోయించిన పిదప ఎత్తెక్కలేక కొట్టుకొన్నచో అనుభవజ్ఞుడు ఇంజనును ముట్టడు. ట్యాంకునుండి ఒక చుక్క తెల్లని ఫిల్టరు కాగితముపై వేసి ఆరనిచ్చును. కొద్దిసేపటిలో మరకలేక ఆరినచో ఇంధనము మంచిది, జిడ్డుమరక నిలిచినచో కల్తీ. తాత్కాలికోపశమనమునకు డిస్ట్రిబ్యూటరును కొద్దిగ త్రిప్పి టైమింగును వెనుకకు తెచ్చి, నిప్పురవ్వను ఆలస్యముగ పుట్టించి పంపెడివారు. మ్రోత తగ్గును గాని పికప్పు పోవును, ఇంజను వేడెక్కును.

ఆ డిస్ట్రిబ్యూటరు త్రిప్పు పనిని నేడు ఇంజనే స్వయముగ చేసికొనుచున్నది. కంపనమును పసిగట్టు సెన్సారును ఇంజనునకు బిగించి, నాకింగు తరంగము వినిపించినంతనే ఎలక్ట్రానిక్ నియంత్రకము టైమింగును వెనుకకు జరుపునట్లు 1970ల దశకాంతమున అమెరికా బ్యూయిక్ టర్బోకార్లలో ఏర్పాటు చేసిరి. క్రమముగ అది సామాన్యుల కార్లలోనికి దిగినది. ఇప్పటి మెకానిక్కు స్క్రూడ్రైవరునకు బదులు స్కానరును తగిలించి కోడు చదువును. కోడు చెప్పునది సెన్సారు ఏమి విన్నదో మాత్రమే. వదులైన బ్రాకెట్టు చప్పుడునుగూడ సెన్సారు నాకింగని భ్రమించి, నిర్దోషమైన ఇంజను బలమును తగ్గింపగలదు. కావున కోడు చదివిన పిమ్మటగూడ బండిని ఎత్తుమీదికి నడిపి చూచువాడే ఈ విద్యలో నిపుణుడు.

ఆనాడు త్రోసిపుచ్చబడిన ఆల్కహాలు ఇంతకాలమునకు తిరిగివచ్చినది. చెరకునుండియు, నూకలనుండియు, మొక్కజొన్ననుండియు తీసిన ఇథనాలు, 2025నాటికి మన పెట్రోలులో నూటికి 20 పాళ్లకు చేరినది. దాని ఆక్టేను సంఖ్య నూరు దాటును. ఇక అకాలజ్వలనము సైతము కొత్తవేషమున మరల ప్రత్యక్షమైనది. సిలిండరులోనికే నేరుగ పెట్రోలు చిమ్ము చిన్న టర్బో ఇంజన్లలో, తక్కువ వేగమున ఎక్కువ బరువు లాగుచుండగా, సిలిండరు గోడనుండి ఎగసిన ఇంజనాయిలు బిందువులు నిప్పురవ్వకంటె ముందే అంటుకొని, దాని వెనువెంట అతిభయంకరమైన నాకింగును పుట్టించి, ఒక్క దెబ్బకే పిస్టను గట్టును విరుగగొట్టుచున్నవి. ఆయిలులో మలినములను కడుగుటకు వేయు కాల్షియము సమ్మేళనములు దీనిని ప్రేరేపించుననియు, మెగ్నీషియము సమ్మేళనములు అట్లు చేయవనియు పరిశోధనలలో తేలినందున, 2018లో ఇంజనాయిలునకు దీనినిబట్టి కొత్త ప్రమాణమును విధించిరి. అట్టి బండి రింగుగట్టు విరిగి షెడ్డునకు వచ్చినప్పుడు, పెట్రోలును టైమింగును అనుమానించుటకు ముందు, కడపటిసారి ఏ గ్రేడు ఆయిలు పోయించిరో అడుగవలసియున్నది.